పన్నెండో టేక్

తెర మీద ఏదైనా దానంతట అది కదిలితే నాకు భయం వెయ్యదు, చిరాకు వేస్తుంది. ఎక్కడో నేనే తప్పు రాసి ఉంటాననుకుని వెతుకుతాను. దొరుకుతుంది. ఒంగోలులో మా పక్కింటి పిన్నిగారికి పూనకం వచ్చి వేపమండలతో ఊగుతుంటే, "కాస్త మజ్జిగ తాగించి పడుకోబెట్టండి" అని నవ్వి అమ్మచేత చీవాట్లు తిన్నదాన్ని. దయ్యాలూ, శకునాలూ, ముందే తెలిసిపోవడాలూ, వీటిలో ఒక్కదాన్నీ నేను నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

సిడ్నీలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చదివాను. అందులో గేమ్స్ టెక్నాలజీ తీసుకున్నాను. ఈ మాట చుట్టాల్లో ఎవరికి చెప్పినా "ఆటలాడుకోవడానికి అంత దూరం వెళ్ళాలా?" అనేవాళ్ళు. భోజనం చెయ్యడానికీ వంట చెయ్యడానికీ ఉన్నంత తేడా ఉందని చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను.

క్వేకర్స్ హిల్‌లో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని నేనూ స్వప్నా ఉండేవాళ్ళం. స్వప్నది జగిత్యాల దగ్గర. చదువు అయిపోయి చైల్డ్‌కేర్ సెంటర్లో చిన్నపిల్లలకు టీచర్‌గా చేసేది. ఆమె సొంత అక్క సునీత, భర్తతో, కూతురితో ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఉంటుంది. స్వప్న మనిషి పుల్లలా ఉండేది, నడక మాత్రం రైలు తప్పిపోతుందేమో అన్నట్టు ఉండేది. కుడి భుజం కొంచెం కిందికి ఉండేది. చిన్నప్పటి నుంచీ పుస్తకాల సంచీ ఒకే వైపు మోయడం వల్ల అట. ఈ భుజం సంగతి తర్వాత అవసరం అవుతుంది కాబట్టి చెబుతున్నాను.

ఆఖరి సెమిస్టర్‌లో జట్టుగా ఒక గేమ్ చెయ్యాలి. మా జట్టులో నలుగురం. ఇక్కడ చెప్పాల్సింది మేగన్ ఒక్కదాని గురించే. మేగన్ ఇక్కడి పిల్ల, ఏ విషయానికీ కంగారు పడని మనిషి. మా గేమ్‌లో అడవి మంటలు వచ్చి వెళ్ళిన ఒక చిన్న ఊరు ఉంటుంది. అందరూ ఖాళీ చేసి పోయారు. ఒక ఆడమనిషి ఆ ఊళ్ళో తన ఇల్లు వెతుక్కుంటూ నడుస్తుంది. ఆఖర్న ఇల్లు దొరికి మెట్టు మీద కూర్చుంటుంది. అంతే గేమ్.

ఆ బొమ్మ నడవాలంటే నిజంగా ఒక మనిషి నడిచి చూపించాలి. దానికి మా యూనివర్సిటీలో మోషన్ క్యాప్చర్ గది ఉంది. మనిషికి నల్లటి బిగుతు డ్రెస్ వేసి, ఒంటి నిండా తెల్లగా మెరిసే చిన్న గోళీలు అంటిస్తారు. గది చుట్టూ పైన ఉన్న కెమెరాలు మనిషిని చూడవు, ఆ గోళీలనే చూస్తాయి. కంప్యూటర్లో చుక్కలు కదులుతాయి. ఆ చుక్కల్ని కలిపితే ఎముకల గూడు లాంటిది నడుస్తూ కనపడుతుంది.

మా జట్టులో ఎవరి నడకా బాగాలేదు. స్వప్నను బతిమాలాను. సెలవు రోజు వచ్చింది. డ్రెస్ వేసుకుని అద్దంలో చూసుకుని, "ఏందే మాధవీ, నన్ను గంగిరెద్దు లెక్క తయారు జేసిన్రు. డూడూ అంటె తలకాయ ఊపాల్నా?" అంది. మేగన్‌కు గంగిరెద్దంటే ఏమిటో చెప్పేసరికి పావుగంట పట్టింది.

ప్రతిసారీ రికార్డు చేసిన దాన్ని టేక్ అంటాం. ఒక్కో టేక్ అవగానే మేగన్ కాగితం మీద నంబర్ వేసి, ఏం చేసిందో రాసేది. ఒకటి, మామూలు నడక. రెండు, తొందర నడక. అలా తలుపు తీయడం, మెట్లెక్కడం, వెనక్కి తిరగడం. పదకొండోది కూర్చోవడం. మధ్యాహ్నం ఒంటిగంటకు అయిపోయింది. స్వప్న డ్రెస్ విప్పేసింది. గోళీలన్నీ లెక్కపెట్టి డబ్బాలో వేశాం. మేగన్ గదికి తాళం వేసింది. ముగ్గురం క్యాంటీన్‌కు వెళ్ళి చిప్స్ తిన్నాం. "మస్తు ఆకలైంది" అని స్వప్న నా ప్లేట్లోవి కూడా తినేసింది. ఆమె తింటుంటే నేను ఫోన్లో ఫొటో తీశాను.

రెండు రోజుల తర్వాత ల్యాబ్‌లో కూర్చుని ఆ టేక్‌లన్నీ తెరిచాను. కాగితం మీద పదకొండు ఉన్నాయి. కంప్యూటర్లో పన్నెండు ఉన్నాయి.

పన్నెండోది నలభై ఒక్క సెకన్లు. మొదట మనిషి ఊరికే నిలబడి ఉంటుంది. తర్వాత ఎవరో పిలిచినట్టు తల కుడివైపు తిప్పుతుంది. ఎడమ చెయ్యి మెడ వెనక్కి పోతుంది. కుడి మోకాలు వంగి నేలకు తగులుతుంది, తర్వాత ఎడమది. ఎడమ పక్కకు ఒరిగి, ఎడమ చెయ్యి ఒంటి కింద ఉండగా పడుకుంటుంది. ఇరవై ఏడో సెకనుకు పూర్తిగా నేల మీద ఉంటుంది. మిగతా పధ్నాలుగు సెకన్లూ అలాగే ఉంటుంది.

నాకు చిరాకు వేసింది. మేగన్‌ను అడిగితే, రాయడం మర్చిపోయి ఉంటానని భుజాలెగరేసింది. ఆ గదిలో మామూలు వీడియో కెమెరా కూడా ఒకటి నడుస్తూ ఉంటుంది, అందులో చూశాను. అందులో పదకొండే ఉన్నాయి. కాగితం రాసింది మేగన్, ఆమెకే పట్టనప్పుడు నాకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకని వదిలేశాను.

వదిలేసి ఊరుకుంటే బాగుండేది. మా పదకొండో టేక్, అదే మెట్టు మీద కూర్చునేది, చాలా పేలవంగా వచ్చింది. గడువు దగ్గర పడుతోంది. ఈ పన్నెండోది చూస్తే ఎంత సహజంగా ఉందంటే, డబ్బిచ్చి నటిని పెట్టినా అలా రాదు. మా పనిలో ఒక అలవాటుంది. పొరపాటున ఏదైనా బాగా వస్తే, అది ఎలా వచ్చిందని అడగం. ఉంచేసుకుంటాం. గేమ్ ముగింపు మార్చేశాను. ఇల్లు దొరికాక ఆ మనిషి మెట్టు మీద కూర్చోదు, పెరట్లో పడుకుంటుంది.

ఒక్కటే ఇబ్బంది వచ్చింది. ఆఖరి పధ్నాలుగు సెకన్లలో ఛాతీ మీది చుక్కలు కదలడం లేదు. బతికున్న మనిషి ఎంత కదలకుండా పడుకున్నా, ఊపిరికి ఆ చుక్కలు లేస్తాయి, దిగుతాయి. ఇక్కడ అది లేదు. గేమ్ ఆడి చూసిన వాళ్ళు "చచ్చిపోయినట్టుంది, నిద్రపోయినట్టు లేదు" అన్నారు. అందుకని మూడు రోజులు కూర్చుని, ఒక్కో ఫ్రేమూ జరిపి, ఊపిరి నేనే పెట్టాను. అప్పుడైనా నాకు ఒళ్ళు జలదరించి ఉండాల్సింది. జలదరించలేదు. పని బాగా వచ్చిందని సంతోషంగా కాఫీ తాగాను.

సెమిస్టర్ చివర ఒక బుధవారం మా గేమ్‌లన్నీ యూనివర్సిటీ హాల్లో పెట్టారు. బయటి స్టూడియోల వాళ్ళు కూడా చూడటానికి వచ్చారు. స్వప్న సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. తన నడక చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అయ్యో, గట్ల నడుస్తనా నేను?" అంది. చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఆ బొమ్మ పడుకున్నాక కూడా తెర వంకే చూస్తూ నిలబడింది.

"ఇది నేనెప్పుడు జేసిన?" అంది.

"చేశావు. నీకు గుర్తులేదు" అన్నాను. పక్కనే స్టూడియో నుంచి వచ్చిన ఆయన ఉన్నాడు. ఆయన ముందు ఈ గొడవేమిటని నా కంగారు.

"నేను పండలే. కూసున్న, గంతే. గా భుజం నాదే, గని అది నేను గాదు." నా చెయ్యి పట్టుకుంది. "తీసెయ్యే. నాకు మంచిగనిపిస్తలేదు."

"సబ్మిట్ చేసేశామే. ఇప్పుడు టచ్ చేస్తే మార్కులు పోతాయి. మార్కులు రానీ, తీసేస్తా" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసింది. తలనొప్పిగా ఉందని రైలెక్కి ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆమె మాట తప్పు అని తేల్చడానికి నేను ఆ ఫైల్ ఎప్పుడు తయారైందో చూశాను. మధ్యాహ్నం ఒంటిగంటా యాభై రెండు. ఆ సమయానికి మేం క్యాంటీన్లో ఉన్నాం. గుర్తు మీద చెప్పడం లేదు. నా ఫోన్లో ఫొటో ఉంది, స్వప్న నోటి నిండా చిప్స్‌తో ఉన్న ఫొటో. దాని మీద టైము ఒకటీ యాభై ఒకటి.

ల్యాబ్ కంప్యూటర్ గడియారం తప్పయి ఉంటుందనుకున్నాను. మిగతా పదకొండు టేక్‌ల టైములూ మేగన్ కాగితం మీద వేసిన టైములతో సరిపోయాయి. ల్యాప్‌టాప్ మూసేసి అన్నం వండుకున్నాను. స్వప్నకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే తీసెయ్యమని మళ్ళీ పట్టుబడుతుందని నాకు తెలుసు.

తర్వాతి వారం మార్కులొచ్చాయి. ముగింపే అన్నిటికన్నా బాగుందని మా లెక్చరర్ నీల్ రాశాడు. స్టూడియో నుంచి ఇంటర్వ్యూకు రమ్మని మెయిల్ వచ్చింది. వాళ్ళూ ఆ ముగింపు గురించే రాశారు. ఇంటర్వ్యూలో అదే చూపించాలి కాబట్టి అది అయ్యాక తీద్దామనుకున్నాను. స్వప్న ఒకసారి అడిగింది, "మార్కులొచ్చినయ్ గద, తీసినవా?" అని. "ఆ, తీసేస్తాలే" అన్నాను.

ఆ శనివారం అక్కావాళ్ళతో హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళొచ్చింది. నాకోసం గుడి క్యాంటీన్ నుంచి పులిహోర తెచ్చింది. మెడ వెనక పట్టేసినట్టుందంటే, కారులో కూర్చుని కూర్చుని అలా ఉందిలే అని పెనడాల్ మాత్ర ఇచ్చాను. ఇద్దరం టీవీ చూశాం, పడుకున్నాం.

మర్నాడు ఆదివారం. ఎండ బాగా ఉంది. పదిన్నర అయి ఉంటుంది. నేను వంటింట్లో ఉప్మా కలుపుతున్నాను. స్టవ్ ఎదురుగా కిటికీ ఉంది, అందులోంచి పెరడంతా కనపడుతుంది. స్వప్న బట్టలు ఆరేస్తోంది.

ఆమె తల కుడివైపు తిప్పింది. అటువైపు చెక్క ఫెన్సు తప్ప ఏమీ లేదు, ఎవరూ లేరు. ఎడమ చెయ్యి మెడ వెనక్కి పోయింది. కుడి మోకాలు నేలకు తగిలింది, తర్వాత ఎడమది. ఎడమ పక్కకు ఒరిగి గడ్డి మీద పడుకుంది.

ఆ కదలిక నాకు కంఠతా వచ్చు. మూడు రోజులు ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ చూసినదాన్ని. అందుకేనేమో, నా బుర్ర దాన్ని మనిషి పడిపోవడంగా తీసుకోలేదు. టేక్ నడుస్తోందనుకుంది. చేతిలో గరిటెతో అలాగే నిలబడి చూశాను. ఆమె పూర్తిగా నేల మీదికి వచ్చాక, ఇంకా పధ్నాలుగు సెకన్లు ఉన్నాయని కూడా నాకు తోచింది. ఆ పధ్నాలుగూ లోపల లెక్కపెట్టాను. అవి అయ్యాకే గరిటె పడేసి పరిగెత్తాను.

అంబులెన్స్ కోసం ట్రిపుల్ జీరోకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అవతల ఆవిడ చెబుతుంటే ఛాతీ మీద నొక్కాను. ఎంతసేపైందని ఆవిడ అడిగింది. "జస్ట్ నౌ" అన్నాను. అంబులెన్స్ వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాను. వాళ్ళు వచ్చాక గుండె కొట్టుకోవడం మొదలైంది. ఊపిరి మాత్రం యంత్రమే ఇచ్చింది, మూడు రోజులు.

తలలో ఒక రక్తనాళం చిట్లిందని డాక్టర్ చెప్పింది. పుట్టినప్పటి నుంచీ అక్కడ పలచగా ఉండి ఉంటుందట. చాలామందికి ఏ సూచనా ఉండదట, కొందరికి కొన్నాళ్ళ ముందు తలనొప్పి, మెడనొప్పి వస్తాయట. ఆ మాట అంటూ ఆమె నా మొహం, సునీతక్క మొహం చూసింది. నేను నేల వంక చూశాను.

సునీతక్క ఆ మూడు రోజులూ ఆసుపత్రి కుర్చీలోనే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం నేను టీ తెచ్చిస్తే, కప్పు పక్కన పెట్టి అడిగింది.

"పడంగనే ఉర్కినవా, మాధవీ?"

"వెంటనే వెళ్ళానక్కా" అన్నాను.

"నువ్వున్నవ్ గాబట్టి నయం. ఒక్కతే పడి ఉండకపాయె" అని నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మూడో రోజు యంత్రం తీసేశారు.

అంత్యక్రియలన్నీ అయ్యాక ఆ ఫైల్ తీసుకెళ్ళి నీల్‌కు చూపించాను. ఇలాంటివి నమ్మకపోవడంలో ఆయన నాకన్నా మొండి, అందుకే ఆయన దగ్గరికే వెళ్ళాను. డ్రెస్ విప్పి నేల మీద పడేస్తే కెమెరాలు చూసి ఉంటాయన్నాడు. ఒట్టి డ్రెస్ దానంతట అదే నిలబడి, తల తిప్పి, మోకాళ్ళ మీద వంగదు కదా అన్నాను. వేరే క్లాసు వాళ్ళెవరో చేసిన టేక్ తప్పు పేరుతో ఇక్కడ చేరి ఉంటుందన్నాడు. అయితే కొలిచి చూద్దామన్నాను. మనిషి ఎముకల పొడవులు ఆ ఫైల్లోనే ఉంటాయి, అవి ఇద్దరికి ఒకేలా ఉండవు. కొలిచాడు. తొడ ఎముక, చెయ్యి, కుడి భుజం వంపు, అన్నీ మిగతా పదకొండింటితో సరిపోయాయి. ఆ పూట గది తాళం ఎవరు తీశారో రికార్డులో చూశాడు. ఒంటిగంట తర్వాత సాయంత్రం దాకా ఎవరూ తియ్యలేదు. నీల్ చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఐ డోంట్ నో" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను అంతకుముందు వినలేదు.

గేమ్ నుంచి ఆ ముగింపు తీసేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. స్వప్న అడిగిన రోజే హాల్లో నిలబడి తీసెయ్యగలిగేదాన్ని. తీసేస్తే ఆమె బతికేదని నేను అనడం లేదు. నరం చిట్లడానికీ నా గేమ్‌కూ సంబంధం ఏముంటుంది? కానీ ఆ టైము సంగతి ఆమెకు చెప్పి ఉంటే భయపడేది. భయపడితే డాక్టర్ దగ్గరికి వెళ్ళేది. స్వప్న అలాంటి మనిషే, జలుబు చేసినా డాక్టర్ దగ్గరికి పరిగెత్తేది. నేను చెప్పలేదు. ఆ ఇంటర్వ్యూ అయింది, ఉద్యోగం వచ్చింది, ఇప్పటికీ అక్కడే చేస్తున్నాను.

సునీతక్క నెలకోసారి నన్ను ఎడ్మండ్‌సన్ పార్క్‌కు పిలుస్తుంది. సర్వపిండి చేసి పెడుతుంది. వాళ్ళ పాప నన్ను పిన్ని అని పిలుస్తుంది. "మా సెల్లె ఆఖరి గడియల మాధవి పక్కన్నే ఉండె" అని వచ్చినవాళ్ళందరికీ అక్క చెబుతుంది. వాళ్ళు నా వంక ఆప్యాయంగా చూస్తారు. నేను తల వంచుకుని తింటాను.

ఆ పన్నెండో టేక్ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. తాళం వేసిన గదిలో, డబ్బాలో ఉన్న గోళీలతో, క్యాంటీన్లో చిప్స్ తింటున్న మనిషిని ఆ కెమెరాలు ఎలా చూశాయో నేను చెప్పలేను. చదివినవాళ్ళలో ఎవరికైనా తోస్తే నాకు వినాలనే ఉంది, నాకు మాత్రం ఏమీ తోచడం లేదు.

సునీతక్క తెలుగులో ఏది దొరికినా చదువుతుంది, ఇదీ ఒకనాటికి చదువుతుందని తెలిసే రాస్తున్నాను. అక్కా, ఆ రోజు ఆసుపత్రిలో నువ్వు అడిగితే అబద్ధం చెప్పాను. పడగానే నేను వెళ్ళలేదు. కిటికీ దగ్గర నిలబడి చూశాను.